ప్రార్థనలో పెట్టిన పిల్ల

మా సంఘంలో ఒక మాట ఉంది. "ప్రార్థనలో పెట్టాం" అంటారు. ఆ మాట నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మా నాన్న సువార్తికుడు. ఇంట్లో బియ్యం నిండుకున్నా, అమ్మకు జ్వరం తగిలినా, ఎవరికైనా పరీక్షలున్నా మా ఇంట్లో మొదట మోకాళ్ళు వంగేవి. నాకు ప్రార్థన మీద నమ్మకం ఉంది. ఆ విషయంలో ఎవరితోనూ వాదనకు దిగను. అయినా ఈమధ్య ఆ మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు మండుతోంది. దానికి కారణం ఒక ఆడపిల్ల.

నేను ఏలూరులో ఉంటాను. పెళ్ళికి ముందే స్త్రీల వాక్య శిక్షణ పూర్తిచేశాను. అప్పటినుంచీ సంఘాల్లో ఆడవాళ్ళ మధ్య, పిల్లల మధ్య పరిచర్య చేస్తున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనకూ, ఆదివారం సండే స్కూలుకూ కైకలూరు బస్సెక్కి కొల్లేటి అంచున ఒక ఊళ్ళో దిగుతాను. ఊరు చిన్నది. గుడి చిన్నది. ఊరికి అవతల కనుచూపుమేరా చేపల చెరువులే.

అందులో ఒక చెరువు గట్టు మీద, రేకుల పాకలో, కాపలా కుటుంబం ఒకటి ఉండేది. తండ్రి చెరువుకు మేత వేస్తాడు, పడవ నడుపుతాడు, దొంగలు పడకుండా చూస్తాడు. తల్లి వలలు లాగేవాళ్ళకు వండిపెడుతుంది. ముగ్గురు పిల్లలు. పెద్దవాడు ఊళ్ళో నాయనమ్మ దగ్గర ఉండి, పసుపు వ్యానులో కైకలూరు ఇంగ్లీషు మీడియం స్కూలుకు వెళ్ళేవాడు. రెండోది ఈ పిల్ల. తొమ్మిదేళ్ళుంటాయి. మూడోవాడు చంకలో పిల్లాడు. ఆ చంక ఎప్పుడు చూసినా ఈ పిల్లదే.

వాళ్ళు ఊళ్ళో ఉన్న రోజుల్లో పిల్ల కూడా ఒకటో తరగతికి కొన్నాళ్ళు వెళ్ళింది. గట్టు మీదికి మకాం మారాక ఆగిపోయింది. పిల్లాడు నాయనమ్మ దగ్గర ఉండిపోయాడు, పిల్ల తల్లి వెంట వెళ్ళింది. ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు. సామాను సర్దేటప్పుడు వంటగిన్నెలు ఎటు వెళ్ళాయో పిల్ల కూడా అటే వెళ్ళింది.

గట్టు మీద ఆ పిల్లకు ఇంకో పని కూడా ఉండేది. నీటికాకులు గుంపుగా దిగితే చెరువులో చేపపిల్లలు మిగలవు. చేతిలో కర్ర, నూనె డబ్బా పట్టుకుని, పక్షులు వాలినచోటల్లా ఆ పిల్ల పరుగెత్తి డబ్బా వాయించేది. ఒకరోజు నేను గట్టు వెంట నడిచి వెళ్తుంటే దూరంనుంచే వినబడింది. డబ్బా చప్పుడు, దాని మధ్యలో వచనం, మళ్ళీ డబ్బా. నేను ఆదివారం నేర్పిన వచనాలే. ఒక్కటి కూడా తప్పలేదు.

ఆ పిల్ల ఒకసారి వింటే చాలు, పట్టేస్తుంది. క్రిస్మస్‌కు పెట్టే కంఠత వాక్యాల పోటీలో ప్రతి ఏడూ మొదటి బహుమతి ఆమెదే. సంఘమంతా మురిసిపోయేది. "దానికి బడెందుకండీ, వాక్యమంతా నోట్లోనే ఉంది" అని సంఘ పెద్ద ఒకాయన నాతో అంటే నవ్వుకోవాలో ఏడవాలో తెలియలేదు. బహుమతిగా పరిశుద్ధ గ్రంథం ఇచ్చారు. అట్ట మీద బంగారు అక్షరాలున్నది. చదవడం రాని పిల్లకు పుస్తకం ఇస్తున్నామని అక్కడ ఒక్కరికీ తోచలేదు.

తర్వాతి ఆదివారం పిల్లలంతా వెళ్ళిపోయాక ఆ పిల్ల పుస్తకం గుండెకు హత్తుకుని నా దగ్గరకు వచ్చింది. తమ్ముడు చంకలోనే ఉన్నాడు.

"టీచరుగారండీ, నేను చెప్పింది ఇందులో ఎక్కడుందండీ?"

పేజీ తీసి చూపించాను. వరసల మీద వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్ళింది. ఒకచోట ఆపి, ఇదేం మాటండీ అంది. చెప్పాను. ఇక ఆ పేజీ అంతా వెతకడం మొదలుపెట్టింది. తమ్ముడు ఏడుస్తున్నా పట్టించుకోలేదు. కిందికెక్కడో అదే మాట మళ్ళీ దొరికింది. "ఇదీ అదేగదండీ" అంది. ఆ మొహం చూశాక ఈ పిల్లను బడిలో వెయ్యకుండా ఉండటం తప్పనిపించింది. తప్పు అంటే మామూలు తప్పు కాదు, దేవుని ముందు తప్పు.

మా ఆరాధనలో ప్రసంగం అయ్యాక అవసరాలున్నవాళ్ళు లేచి చెప్పుకుంటారు. ఆ ఆదివారం నేనే లేచాను. ఈ పిల్లకు తొమ్మిదేళ్ళు, బడి లేదు, ఊళ్ళో బడి ఉంది, సంఘం ఏదో ఒకటి చెయ్యాలి అన్నాను. పాస్టరుగారు కుర్రవాడు, మంచివాడు. ఎవరింట్లో చావైనా, రోగమైనా ముందుండే మనిషి. "తప్పకుండానమ్మా, ప్రార్థనలో పెడదాం" అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. పని మొదలైందనుకున్నాను.

వారాలు గడిచాయి. ప్రతి ఆదివారం పిల్ల చదువు కోసం ఒక మాట ప్రార్థనలో వచ్చేది. రోగుల తర్వాత, ఉద్యోగాలు లేనివాళ్ళకు ముందు. పిల్ల మాత్రం గట్టు మీదే ఉంది.

ఈలోగా అన్నకు ఐదో తరగతి పూర్తయింది. వాణ్ణి తాడేపల్లిగూడెంలో ఒక హాస్టలు స్కూల్లో వెయ్యాలని తండ్రి కోరిక. సీట్లు అయిపోయాయన్నారట. ఆ సంగతి ఆదివారం మధ్యాహ్నం గుడి బయట తెలిసింది. సోమవారం పొద్దున్నే పాస్టరుగారూ, సంఘ పెద్దా మోటారుసైకిలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళారు. తెలిసినవాళ్ళను పట్టుకున్నారు, వాళ్ళచేత ఇంకొకరికి ఫోను చేయించారు, సాయంత్రానికి సీటు ఖాయం చేసుకుని వచ్చారు. వాడి సంగతి ఎవరూ ప్రార్థనలో పెట్టలేదు. పెట్టే వ్యవధే లేదు. మరుసటి ఆదివారం ఏకంగా కృతజ్ఞతాస్తుతులే.

ఆ రోజు నేను పాస్టరుగారిని ఆపి, మరి చెల్లెలి సంగతేమిటండీ అని అడిగాను.

"మర్చిపోలేదమ్మా. రోజూ ప్రార్థనలో ఉంది."

"ప్రార్థనలో ఉందండీ, బడిలో లేదు."

ఆయన నవ్వారు. "వాడిది వేరమ్మా, అడ్మిషన్లు అయిపోతున్నాయి గదా."

"పిల్ల వయసు అయిపోవడం లేదాండీ?"

ఆయన నవ్వు ఆగింది. ఎవరో వందనాలండీ అంటూ వచ్చారు, ఆయన అటు తిరిగారు.

ఊళ్ళో బడి హెచ్‌.ఎం. గారు కూడా ఏలూరునుంచే వస్తారు. తరతరాలుగా అర్చకత్వం, పంతులు ఉద్యోగాలు చేసిన కుటుంబం ఆవిడది. బస్సులో ఒక్కోసారి పక్కపక్కనే కూర్చుంటాం. ఒకనాడు ఈ పిల్ల ఊసెత్తాను. ఆవిడకు ముందే తెలుసు. గట్టు మీదికి వెళ్ళి వాళ్ళను అడిగారట కూడా.

"పిల్ల తల్లి, పెట్టామండీ అంది. ఎక్కడ పెట్టారమ్మా, మండలం ఆఫీసులోనా అన్నాను. ప్రార్థనలో అండీ అంది" అని ఆవిడ కాస్త ఇబ్బందిగా నవ్వారు. "మీ నమ్మకం విషయం గదండీ, దానికి నేనేం అంటాను? నోరు మూసుకుని వచ్చేశాను."

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆవిడ చెప్పిన మిగతా సంగతులు నాకు బలాన్నిచ్చాయి. టీసీ లేకపోయినా ఫరవాలేదు. వయసును బట్టి తరగతిలో వేసుకుంటారు, అక్షరాలు విడిగా నేర్పుతారు. మధ్యాహ్నం భోజనం బడిలోనే. ఎవరో ఒకరు పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకురావాలి, అంతే.

ఆ వారమే గట్టు మీదికి వెళ్ళాను. తల్లి పొయ్యి ముందు ఉంది. పెద్ద తపేలాలో అన్నం ఉడుకుతోంది. నా మాటలన్నీ వింది. వినడంలో ఏ లోపమూ లేదు. చివరికి గరిటె పక్కన పెట్టి మెల్లిగా అంది.

"అయ్యగారు ప్రార్థనలో పెట్టారు గదండీ. జవాబు రాకుండానే మనం పంపించేస్తే అది అవిశ్వాసం అవదాండీ?"

నేను ఇన్నేళ్ళుగా వాక్యం చెబుతున్నాను. ఆ ప్రశ్న ఎప్పుడూ వినలేదు. ఆవిడ తప్పించుకోవడానికి అనలేదు. నిజంగానే భయపడుతోంది. మా సంఘం ఆ పిల్ల చదువును తీసుకెళ్ళి దేవుడి చేతిలో పెట్టింది. ఇక ఎవరు ముట్టుకున్నా దేవుడి చేతిలోంచి లాక్కున్నట్టే. బడికి పంపడమే జవాబమ్మా అని చెప్పి చూశాను. ఆవిడ తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, పెద్దదాన్ని గదా అని.

అయితే నమ్మకమొక్కటే అడ్డం కాదు. గట్టునుంచి బడికి చాలా దూరం. రెండువైపులా చెరువులు, మధ్యలో మేత లారీలు తిరిగే మట్టిదారి. వానొస్తే ఆ దారి ఉండదు. పిల్లను రోజూ ఎవరు దిగబెడతారు, ఎవరు తెచ్చుకుంటారు? నాయనమ్మ ఇల్లు మాత్రం బడికి కూతవేటు దూరం. అన్న ఉన్నది అక్కడే. ఆ మాట అంటే తల్లి గొంతు ఇంకా తగ్గించింది.

"అత్తగార్ని అడిగే ధైర్యం నాకు లేదండీ. ఆవిడే దీనికోసం ఏడ్చి ఏడ్చి ప్రార్థన చేస్తున్నారంట గదండీ."

అది నిజం. మా శుక్రవారం ఉపవాస ప్రార్థన జరిగేదే ఆ నాయనమ్మ ఇంట్లో. ఆవిడ చాలా ప్రార్థనాపరురాలు. మోకరించిందంటే చెంపల వెంట కన్నీళ్ళు కారాల్సిందే. మనవరాలి చదువు కోసం ఆవిడ చేసే ప్రార్థన వింటే ఎవరికైనా గుండె కరుగుతుంది. ఆ శుక్రవారం కూడా చేసింది. ప్రభువా, నా బిడ్డకు ద్వారం తెరువు అంటోంది. మేమంతా చాపల మీద మోకరించి ఉన్నాం. నేను కళ్ళు తెరిచాను. నా ఎదురుగా మనవడి మంచం ఉంది. వాడు హాస్టలుకు వెళ్ళి నెల దాటింది. దుప్పటి మడత పెట్టి, దాని మీద దిండు పెట్టి ఉంది. ద్వారం ఇక్కడే ఉంది గదా, ఈ ఇంటిదే గదా అనిపించింది.

ముగింపు ప్రార్థన చెయ్యమని ఆవిడే నన్ను అడిగింది. చేశాను. రోగుల కోసం చేశాను, ఊరి కోసం చేశాను. ఆ తర్వాత ఇలా అన్నాను: "తండ్రీ, మా బిడ్డకు ద్వారం తెరవమని అడుగుతున్నాం. బడి పక్కనే ఈ ఇల్లు ఇచ్చావు, ఇంట్లో ఖాళీ మంచం ఇచ్చావు. నువ్వు ఇచ్చింది చూసే కళ్ళు మాకివ్వు."

చివర్లో అందరూ ఆమెన్ అంటారు. ఆ రోజు ఒకరిద్దరే అన్నారు. వెనక ఒక కోడలుపిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆడవాళ్ళు రోజూ కంటే త్వరగా చెప్పులు వేసుకున్నారు.

అందరూ వెళ్ళాక ఆవిడ చాప చుడుతూ అంది. "ప్రార్థనలో మాటలు విసరకూడదు చెల్లెమ్మా. నన్ను అడగదల్చుకుంటే నన్నే అడగాలి."

"అడుగుతున్నానండీ అక్కయ్యగారూ. పిల్లను ఉంచుకుంటారా?"

"మనవడంటే వాకిట్లో పడుకుంటాడు, ఊరంతా తిరిగొస్తాడు, నాకు బెంగ లేదు. ఆడపిల్లైతే దొడ్లోకి వెళ్ళినా నా కళ్ళు దాని వెనకే తిరగాలి. రేపు ఏదైనా జరిగితే మావాడు నన్నే అంటాడు. నా వయసుకి అంత కాపలా నావల్ల కాదు."

"గట్టు మీద మాత్రం ఆ పిల్లకు కాపలా ఎవరండీ? ఆ పిల్లే చెరువుకు కాపలా."

"నేను వద్దన్నానా? దేవుడు దారి చూపిస్తాడు."

"మంచం ఖాళీగానే ఉంది గదండీ."

"అది వాడిది" అంది ఆవిడ. "సెలవులకు వస్తాడు."

ఆ తర్వాత ఉపవాసం విడవమని నాకు టీ ఇచ్చింది. మర్యాద గల మనిషి. వద్దనడం బాగుండదని తాగాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఆవిడ మాటలే నెమరేసుకున్నాను. ఆవిడ భయం నాకు అర్థం కాకపోలేదు. ఊళ్ళో ఆడపిల్లల గురించి ఏవేవో వింటూనే ఉంటాం. కానీ ఆ భయానికి వెల చెల్లించేది ప్రతిసారీ ఆ పిల్లేనా? అన్న భయపడక్కర్లేదు, నాయనమ్మ నిద్ర చెడకూడదు, తండ్రికి మాట రాకూడదు, అమ్మకు చెయ్యి సాయం కావాలి. వాళ్ళందరి నిశ్చింత కోసం ఒక్క పిల్ల అక్షరాలు మానుకుంది. ఇంతమంది ప్రార్థన చేస్తున్నారు, ఒక్కరూ చాప పరచరు.

ఆ ఏడాది పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో చేపలన్నీ పట్టి అమ్మాక, ఆసామి ఆ చెరువు వేరేవాళ్ళకు లీజుకిచ్చేశాడు. కాపలా కుటుంబానికి గణపవరం దగ్గర ఇంకో చెరువు మీద పని దొరికింది. వెళ్ళే ముందు ఆదివారం వాళ్ళను ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. పాస్టరుగారు చాలా ప్రేమగా చెప్పారు. అక్కడి పాస్టరుగారితో ఫోనులో మాట్లాడారట, పిల్ల చదువు విషయం ఆ సంఘంవాళ్ళు కూడా ప్రార్థనలో పెడతారట. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు. జీవితంలో అదే మొదటిసారి. పక్కనున్నావిడ నావైపు వింతగా చూసింది.

వాళ్ళు వెళ్ళిన తర్వాతి వారం ఏలూరులో పాసింజరెక్కి భీమడోలులో దిగి, అక్కడినుంచి గణపవరం వైపు వెళ్ళాను. ఈ చెరువు రోడ్డు పక్కనే. గట్టు దిగి రోడ్డు దాటితే బడి. బడి ఆవరణలోనే అంగన్‌వాడీ. చూస్తే నాకు నవ్వు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఇక ఎవరి సాకూ మిగల్లేదనిపించింది, అంతే.

తల్లి సామాను ఇంకా సర్దుకోలేదు. నన్ను చూసి బకెట్టు బోర్లించి కూర్చోమంది. కుశలప్రశ్నలయ్యాక తనే అంది.

"ఈ ఊరి సంఘంలో పిల్ల సంగతి ఇంకా చెప్పలేదండీ. ఆదివారం లేచి చెప్పాలి."

"చెప్పొద్దమ్మా" అన్నాను.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఆ మాట నా నోటినుంచి వచ్చిందా అని నాకే అనిపించింది. మళ్ళీ అదే అన్నాను. ఇప్పుడు చెప్పొద్దు, ముందు బడికి వెళ్దాం, వెళ్ళొచ్చాక స్తుతి చెప్పుకుందాం. జవాబు రాకుండానే ఎలా అంటావేమో, జవాబు అదిగో రోడ్డవతల రంగు వేసి ఉంది, చూడు అన్నాను. తండ్రి పడవలో ఉన్నాడు. తల్లి గట్టు మీదినుంచే కేకేసి అడిగింది. వలలు లాగే రోజుల్లో మాత్రం ఇంటిదగ్గరుండాలండీ మరి, అని అతనూ అక్కడినుంచే అన్నాడు. అప్పటికి ఒప్పుకున్నాను.

చిన్నవాణ్ణి అంగన్‌వాడీలో కూర్చోబెట్టాం. ఏడ్చాడు, తర్వాత గుడ్డు పెడితే మానాడు. బడిలో టీచరమ్మ పిల్లను ఏమొచ్చమ్మా నీకు అని అడిగారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి ఒక కీర్తన మొదటినుంచి చివరిదాకా చెప్పింది. టీచరమ్మ ఓపికగా విన్నారు. విని, పలక ఇచ్చి, పేరు రాయమన్నారు. పిల్ల పలక వైపు చూసి తల దించుకుంది. చంక ఖాళీగా ఉంటే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లంగా అంచు నలుపుతోంది.

మధ్యాహ్నం భోజనం బెల్లుకల్లా అంతా అయిపోయింది. ఒక్క పూట పని. తిరుగు బస్సులో నాకు కన్నీళ్ళొచ్చాయి. అవి సంతోషంతో వచ్చినవి కావు. ఒక్క పూట పనికి అంతమంది పెద్దవాళ్ళం, అంత విశ్వాసం ఉన్నవాళ్ళం, ఆ పిల్ల బాల్యంలో ఇంత భాగం ఖర్చు పెట్టించాం.

ఆ శుక్రవారం నాయనమ్మ తన ఇంట్లో సాక్ష్యం చెప్పింది. నా కన్నీటి ప్రార్థన ఆలకించాడు నా దేవుడు అంది. ఆడవాళ్ళంతా స్తోత్రం అన్నారు. ఆదివారం పాస్టరుగారు కూడా ఎత్తారు. ఆలస్యమైనా దేవుని సమయమే మంచి సమయం అన్నారు. అక్కడే నాకు పట్టరాని కోపం వచ్చింది. పిల్ల బడికి వెళ్ళడం దేవుని కార్యమే. ఆ మాట ఎవరికంటే ముందైనా నేనే చెబుతాను. కానీ ఆలస్యం మనది. మనం చేసిన ఆలస్యాన్ని కూడా ఆయన ఖాతాలో వేసి స్తోత్రం చెబుతుంటే ఎలా ఊరుకోను? ఆరాధన అయ్యాక పాస్టరుగారితో ఇదే మాట అన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. మీరు మరీ కఠినంగా మాట్లాడుతున్నారమ్మా, మీకోసం కూడా ప్రార్థన చేస్తాను అన్నారు.

పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. రోజూ కాదు. అక్షరాలకు మాత్రం తన భుజం దాకా కూడా రాని ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చుంటోందట. టీచరమ్మ పాఠం ఒకసారి చదివితే ఈ పిల్ల అంతా గడగడా అప్పజెబుతుందట, వేలు మాత్రం వేరే వరస మీద ఉంటుందట. విన్నది పట్టుకోవడం అంత బాగా వచ్చినందుకే చూసి చదవడం ఆలస్యమవుతోంది అని ఆవిడ అన్నారు. వలలు లాగే రోజులు అనుకున్నదానికంటే ఎక్కువే వస్తున్నాయి. అందుకని సోమవారం పొద్దున్నే నేను తల్లికి ఫోను చేస్తాను. మొన్న కూడా చేశాను.

"ఇవాళ పట్టుబడండీ అమ్మగారూ. ఇరవైమందికి వండాలండీ."

"రేపు?"

"రేపు పంపిస్తానండీ. మీరు ప్రార్థన చెయ్యండి."

"ప్రార్థన నేను చేస్తానమ్మా" అన్నాను. "నువ్వు దానికి జడ వెయ్యి."

లైను తెగిపోయింది. ఫోను పెట్టేసిందో, సిగ్నలు పోయిందో తెలియదు. మంగళవారం పొద్దున్న బడి వేళకు మళ్ళీ చేశాను.